ఆదెమ్మ బియ్యం

బెంగళూరు పక్కన జిగణిలో, గ్రానైట్ ఫ్యాక్టరీల వెనక, రాయి కోసిన తెల్లనీళ్లు పారే కాలువ గట్టున నీలం రేకుల షెడ్లు ఉన్నాయి. కదిరి వైపు వాళ్లు, మడకశిర వాళ్లు, ఈమధ్యే దిగిన నారాయణపేట వాళ్లు వాటిలో కాపురం ఉంటారు. అందరిదీ కట్టడం పనే. ఆ షెడ్లలో ఏదైనా వస్తువు పోతే ఎవరూ పోలీసు స్టేషన్‌కి పోరు. ఆదెమ్మ దగ్గరికి పోతారు.

ఆదెమ్మకు యాభై దాటాయి. ఒకప్పుడు సిమెంటు తట్ట మోసిన మనిషే. మోకాళ్లు మొరాయించాక పెళ్లికాని కుర్రాళ్లకు సంగటి, చారు వండిపెడుతూ బతుకుతోంది. వండే చెయ్యి మంచిది, నోరు మాత్రం అంత మంచిది కాదు. సంగటి గట్టిగా ఉందన్నవాణ్ణి "మీ యమ్మ మెత్తగా పెట్టిపెట్టే నువ్విట్లా తయారైనావు" అని అక్కడికక్కడే కడిగేస్తుంది. కుర్రాళ్లు నవ్వుకుంటూనే తింటారు. అయినా ఆమె అంటే షెడ్ల వాళ్లందరికీ లోపల ఒక జంకు ఉంది. ఎందుకంటే అక్కడ బియ్యం పెట్టేది ఆమె.

బియ్యం పెట్టడమంటే అన్నం పెట్టడం కాదు. దొంగతనం జరిగితే ఆ వచ్చే ఆదివారం పొద్దున ఆదెమ్మ తలస్నానం చేసి, చేటలో బియ్యం పోసి, పసుపు చల్లి, అత్త నేర్పిన మంత్రం పెదాలు కదలకుండా చదువుకుంటుంది. అందరినీ వరసగా కూర్చోబెట్టి తలా ఒక పిడికెడు ఇస్తుంది. నమలాలి, మింగకూడదు. ఆమె "చాలు" అనగానే ఎదురుగా పెట్టిన పేపరు ప్లేటులో ఉమ్మాలి. తప్పు చేయనివాడి బియ్యం తడిసి ముద్దగా వస్తుంది. దొంగ నోరు దేవుడి భయంతో ఎండిపోతుంది కాబట్టి వాడి బియ్యం పొడిపిండిగా రాలుతుంది. పిండి రాలినవాణ్ణి నీళ్ల ట్యాంకు కంబానికి కట్టి, ఒప్పుకునేదాకా కొట్టి, ఒప్పుకున్నాక షెడ్డు ఖాళీ చేయిస్తారు. ఒప్పుకోనివాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఈ కాలంలో, ఇంత పెద్ద బెంగళూరు పక్కన ఇదేం ఆటవికం అని ముక్కున వేలేసుకోనూ వచ్చు. అలాంటి పెద్దమనుషులు ఒకసారి ఆ షెడ్ల నుంచి స్టేషన్ దాకా నడిచి చూడాలి. పోయిన వస్తువు సంగతి తర్వాత. ముందు నువ్వెవరు, ఏ ఊరు, ఎవరి దగ్గర పని, ఎవరి జాగాలో ఉన్నావు అని అడుగుతారు. ఆ జాగా సంగతే అసలు భయం. షెడ్లలో సగం సర్కారు వాననీళ్ల కాలువను పూడ్చి వేసినవి. పోలీసు జీపు ఒకసారి లోపలికొస్తే దాని వెనకే జేసీబీ వస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనివాళ్లకు మేస్త్రీ బాలరాజు దగ్గరుండి తెలియజేస్తాడు.

బాలరాజుదీ కదిరి పక్కే. వాళ్లందరినీ పనికి తెచ్చిందీ, షెడ్లు వేయించిందీ, ఎవరికి పని ఉందో ఎవరికి లేదో చెప్పేదీ అతనే. గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. ఆదెమ్మ మొగుడు రాము, తను నిలబడి పని చేస్తున్న సారవ కట్టె విరిగి మూడో అంతస్తు నుంచి పడి చచ్చిపోయినప్పుడు కూడా మెల్లగానే మాట్లాడాడు. "తాగి పడినాడని చెప్పమ్మా. లేకుంటే ఆస్పత్రిలో కోసి కుట్టి రేపు మాపు అంటారు. శవం చెడిపోతాది" అన్నాడు. రాము చుక్క ముట్టని మనిషి. ఆదెమ్మ తాగి పడ్డాడనే చెప్పి వేలిముద్ర వేసింది. తర్వాత బాలరాజు ఆమెకు ఒక షెడ్డు, వంటకు పొయ్యి, కుర్రాళ్ల వాడుక అన్నీ కుదిర్చాడు. తన మనిషికి న్యాయం దొరకని చోట నలుగురికీ న్యాయం చెప్పే పని ఆమెకు దొరికింది. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది. స్టేషన్‌లో మనిషిని బట్టి మాట మారుతుందేమో గానీ తన చేటలో మారదని ఆమె నమ్మకం. గర్వం కూడా.

ఆ గర్వానికి పోయిన ఎండాకాలం చిల్లు పడింది.

ఒకరి కొత్త ఫోను పోయింది. బియ్యం పెడితే నరేశ్ అనే కుర్రాడి ప్లేటులో పిండి రాలింది. తల్లి లేని పిల్లాడు, ఎవరైనా గట్టిగా పిలిస్తేనే ఉలిక్కిపడే రకం. కంబానికి కట్టారు. ముందు కాదన్నాడు, మణికట్టు విరిగాక అవునన్నాడు. విరిగిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని ఆ సాయంత్రమే ఎటో వెళ్లిపోయాడు. వానాకాలం వచ్చే ముందు నీళ్ల సంపు కడిగితే అడుగున బురదలో ఆ ఫోను దొరికింది. నీళ్లు తోడుకోవడానికి వంగినప్పుడు ఆ ఫోను గలవాడి జేబులోంచే జారి పడింది. సంపు కడగడానికి బయటి నుంచి వచ్చిన కూలి దాన్ని బాలరాజు చేతికిచ్చాడు. పక్కనే బిందెతో నిలబడిన ఆదెమ్మ చూసింది.

"పోయినోడు పోయినాడు. ఇప్పుడిది బయటేస్తే నీ బియ్యానికే చెడ్డపేరు" అన్నాడు బాలరాజు, ఫోను లుంగీ మడతలో దోపుకుంటూ.

ఆదెమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. మింగలేక కక్కలేక ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. మంత్రంలో ఎక్కడో అక్షరం తప్పానేమో అని చాలా రోజులు తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఇప్పుడు మళ్లీ బియ్యం పెట్టాల్సి వచ్చింది. ఈసారి పోయింది బాలరాజు పెళ్లాం నేత్రావతి బంగారు సరం. స్నానానికి పోతూ గూట్లో పెట్టానంది, వచ్చి చూస్తే లేదంది. పొద్దున్నే షెడ్లన్నీ ఆమె ఏడుపుతో లేచాయి.

"స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యున్రి అక్కా" అంది మమత.

మమత నారాయణపేట పిల్ల. మొగుడు శివ హోసూరు సైటులో ఉంటే, తను ఇక్కడే ఇటుకలు అందిస్తోంది. పది పాసైంది. వచ్చిన కొన్నాళ్లకే ఆడవాళ్లను పోగేసి, లేబర్ కార్డు ఉంటే పనిలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా సర్కారు చూసుకుంటుందని చెప్పింది. కార్డు కావాలంటే ఎవరి దగ్గర పని చేస్తున్నారో మేస్త్రీ రాసివ్వాలి. ఆ మాట పట్టుకుని ఆడవాళ్లు బాలరాజును అడగడం మొదలుపెట్టారు. అతను మెల్లగా "చూద్దాంలే" అన్నాడు. అలా అన్నప్పటి నుంచి మమతను చూసే చూపు మారింది.

స్టేషన్ మాట వినగానే జనం గతుక్కుమన్నారు. "గోటితో పోయేదానికి గొడ్డలేంటికి?" అంది ఒక ముసలామె. "పోలీసులొస్తే సరం దొరుకుతాదో లేదో గానీ మనం మాత్రం రోడ్డున పడతాం" అన్నాడు ఇంకొకడు. బాలరాజు ఆదెమ్మ వైపు చూసి తల ఊపాడు. ఆదివారం బియ్యం అని అందరికీ అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం ఆదెమ్మ సంగటి కెలుకుతుంటే బాలరాజు వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ రాని మనిషి. కట్టె సరిగా మండకపోతే తనే లోపలికి తోశాడు.

"ఆ నారాయణపేట పిల్లకు నోరు ఎక్కువైంది ఆదెమ్మా."

"వయసు కదప్పా. అట్లే ఉంటాది."

"నోరెక్కువైన వాళ్లకి తడి తక్కువ ఉంటాదిలే." అతను నవ్వాడు. "రేపు ఆ పిల్లకిచ్చే పిడికెడు ముందే పెనం మీద ఏంచి పెట్టు. గట్టిగా ఉంటాది. కొంచెం ఎక్కువే పెట్టు నోట్లో. ఎవురికి తెలుస్తాది?"

ఆదెమ్మ చేతిలో తెడ్డు ఆగింది. ఇన్నేళ్లలో ఆమె ఎవరినీ అడగని ప్రశ్న ఒకటి నోట్లోంచి వచ్చేసింది. "ఆ పిల్లే తీసిందని నీకెట్లా తెలుసు?"

"తీసిందో లేదో చెప్పాల్సింది నేనా? నీ బియ్యం చెప్తాది" అన్నాడు బాలరాజు. లేస్తూ షెడ్డు రేకుల వంక, పైకప్పు వంక తీరిగ్గా చూశాడు. "ఈ రేకులు తుప్పు పట్టినాయి. తీసేయాల ఎప్పుడో ఒకప్పుడు. నీకు యాడైనా చుట్టాలుండారా?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆమెకు చుట్టాలు లేరని అతనికి తెలుసు. సంగటి అడుగంటింది. ఆ రోజు కుర్రాళ్లు మాడు వాసన గురించి ఎన్ని జోకులు వేసినా ఆదెమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. ఆమెకు నిజంగా భయం వేసింది. మమత లాంటి పిల్లను ఆ కంబానికి కడితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. మగవాళ్లు కొడతారు. ఊరుకాని ఊళ్లో, మొగుడు పక్కన లేని ఆడపిల్ల మీద చేయి వేయడానికి ఒక సాకు దొరికితే చాలు అనుకునేవాళ్లు ఆ గుంపులో లేకపోలేదు.

పెనం మాత్రం ఆమె పొయ్యి మీద పెట్టలేదు. అందరికీ ఒకే బియ్యం ఇస్తాను, తీయని పిల్లైతే ఆ బియ్యమే కాపాడుతుంది అనుకుంది. నరేశ్‌ను ఎందుకు కాపాడలేదన్న సంగతి దగ్గరికి ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కకు తోసేసింది.

ఆదివారం మబ్బు పట్టింది. ఫ్యాక్టరీలు మూసి ఉండటంతో రాయి కోసే చప్పుడు లేదు, దాంతో ఆ చోటు వేరే ఊరిలా ఉంది. ట్యాంకు ముందర జనం వరసగా కూర్చున్నారు. ఎదురుగా పేపరు ప్లేట్లు గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాంట్లో ఒక్కో కంకర రాయి పెట్టారు. కంబం మొదట్లో తాడు చుట్ట చుట్టి పెట్టి ఉంది. ఇంకా ఎవరూ నమలలేదు, ఎవరూ ఉమ్మలేదు, తాడు మాత్రం వచ్చేసింది. అంతకుముందు కూడా తాడు ముందే వచ్చేదా అని ఆదెమ్మ గుర్తు చేసుకుంది. వచ్చేది. తనే ఎప్పుడూ అటు చూసేది కాదు.

వరస మొదలైంది. ఒక్కొక్కరూ పిడికెడు తీసుకుని, కళ్లు మూసుకుని నమిలి ఉమ్ముతున్నారు. ముద్ద పడిన ప్రతిసారీ ఆ మనిషి భుజాలు కిందికి జారేవి, పక్కవాడివి బిగుసుకునేవి. చివర్లో మమత వంతు వచ్చింది. ఆదెమ్మ చేటలోంచి పిడికెడు తీసి అందించింది. మమత చెయ్యి చాపలేదు.

"నేను నములుత. కానీ అందరు నమలాలె కదా" అని గట్టిగానే అంది. "మేస్త్రన్న నమలలే. సరం ఆయన ఇంట్లనే పోయింది. నువ్వు గూడ నమలలే అక్కా."

జనంలో గుసగుస లేచింది. బాలరాజు కుర్చీలోంచి కదలలేదు. "పెట్టేవాళ్లు నములుతారా ఎక్కడైనా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటా ఉండాది చూడండి" అన్నాడు. కొందరు నవ్వారు.

"ఒక్కొక్కరికి ఒక్కో న్యాయం ఉంటదా అన్నా?" అంది మమత.

నవ్వినవాళ్లు నవ్వు ఆపేశారు. ఆదెమ్మకు ఒళ్లు మండింది. అది మమత మీద కోపం కాదు. తన బియ్యాన్ని శంకిస్తున్నారన్న కోపం. తన చేటలో మాట మారదని రుజువు చేయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

"నేను నములుతా" అంది. "మేస్త్రీ కూడా నములుతాడు. నా బియ్యం ఎవురికైనా ఒకటే."

పిడికెడు బియ్యం నోట్లో వేసుకుంది. నమలడం మొదలుపెట్టి తలెత్తింది. బాలరాజు ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నిన్న షెడ్డు రేకుల వంక చూసిన చూపు అది. ఆదెమ్మ నాలుక ఒక్కసారిగా పత్తిలా అయిపోయింది. దవడలు ఆడిస్తోంది, గింజలు పళ్ల కింద పటపటమంటున్నాయి, తడి మాత్రం ఊరడం లేదు. ఊరాలి ఊరాలి అనుకున్నకొద్దీ ఇంకా ఎండిపోతోంది. నేను తీయలేదు కదా అనుకుంది. సరం నేను కళ్లతో కూడా చూడలేదు కదా అనుకుంది. నోటికి అదేమీ పట్టలేదు.

నరేశ్ కూడా ఇలాగే నమిలి ఉంటాడు. ఆ పిల్లాడు తనవైపే చూస్తూ ఎంతసేపు నమిలాడో, "చాలు" అనకక్కా అన్నట్టు ఎలా చూశాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. మంత్రంలో అక్షరం తప్పలేదు. ఎప్పుడూ తప్పలేదు. ఆ బియ్యం ఎన్నడూ దొంగను పట్టలేదు, భయపడిన మనిషినే పట్టింది. భయపెట్టేవాడు మాత్రం ఎప్పుడూ కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

ఆమె ఉమ్మింది. ప్లేటులో తెల్లటి పొడిపిండి రాలింది.

ఆదెమ్మ చుట్టూ చూసింది. రోజూ తన సంగటి తినే కుర్రాళ్లు ఆ ప్లేటు వంక చూస్తున్నారు గానీ ఆమె మొహం వంక చూడటం లేదు.

"నేను తీయలేదు" అంది.

అనగానే ఆ మాట ఎంత బలహీనంగా ఉందో ఆమెకే వినిపించింది. కంబానికి కట్టిన ప్రతివాడూ అన్న మాటే అది. అప్పుడు ఆమె నమ్మిందా?

నేత్రావతి గుండెలు బాదుకుంది. "అయ్యో, సరం పోయిన పొద్దన్నే మా ఇంట్లో కరివేపాకు అడగను వచ్చింది కదప్పా ఇది!"

బాలరాజు చెయ్యెత్తి పెళ్లాన్ని ఆపాడు. కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు. "తొందరపడాకండి. పెద్దమనిషి, మోకాళ్ల మాత్రలు మింగుతా ఉండాది. నోరు ఎండుంటాది" అన్నాడు దయగా. "ఆదెమ్మా, నోరు కడుక్కో. నీది లెక్కలోకి రాదు. ఇంక ఆ పిల్ల ఒక్కటే మిగిలింది. దానికి పెట్టు."

ఆదెమ్మకు దారి తెరిచే ఉంది. చేటలోంచి ఇంకో పిడికెడు తీసి మమతకు ఇస్తే చాలు. పిల్ల అప్పటికే గడగడ వణుకుతోంది, పెదాలు తెల్లబడ్డాయి. బియ్యం వేయించక్కర్లేదు. పిండే రాలుతుంది. జనం తాడు అందుకుంటారు, తన షెడ్డు తనకుంటుంది, రేపు మళ్లీ సంగటి కెలుక్కోవచ్చు.

ఆమె చేట ఎత్తి బియ్యమంతా పక్కనున్న తెల్లనీళ్ల కాలువలో పోసేసింది.

"ఈ బియ్యం అబద్ధం" అంది. "నరేశ్ ఫోను తీయలేదు. అది సంపులో దొరికింది. నేను చూసినాను, చెప్పకుండా ఉన్నాను. ఆ పిల్లోడి చెయ్యి ఊరికే ఇరగ్గొట్టినారు, నేనే ఇరగ్గొట్టించినాను." ఆమె ఏడుస్తోంది. తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"అట్లయితే దొంగ ఎవురో ఎట్లా తెలిసేది?" అని అరిచింది ముందు గోరు, గొడ్డలి అన్న ముసలామె. ఆమె గొంతులో నిజమైన దిగులే ఉంది.

"తెలీదు. తెలిసేదాకా ఎవుర్నీ కట్టకూడదు."

ఇంత చిన్న మాట ఆ షెడ్లలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. విన్నవాళ్లకు అది న్యాయంగా వినిపించలేదు, పట్టుబడ్డ మనిషి తప్పించుకోవడానికి అన్న మాటలా వినిపించింది. ఇన్నేళ్లూ బియ్యాన్ని నమ్మినవాళ్లు, నరేశ్ మీద తలా ఒక దెబ్బ వేసినవాళ్లు, ఇప్పుడు ఆ బియ్యం అబద్ధమంటే తామేమవుతారు? తిలా పాపం తలా పిడికెడు. దాన్ని మోయడం కంటే ఆదెమ్మే దొంగ అనుకోవడం తేలిక.

"బియ్యం చెప్పింది కదా!" అని ఎవరో వెనక నుంచి అన్నారు. తర్వాత ఇద్దరు ముగ్గురు అన్నారు. బాలరాజు పక్కకు జరిగి దారి ఇచ్చాడు, అంతే. నిన్న ఆమె చేతి ముద్ద తిన్న కుర్రాళ్లే వచ్చి రెక్కలు పట్టుకున్నారు. ఒకడు "క్షమించు అక్కా" అని గొణుగుతూనే తాడు బిగించాడు.

ఇనుప కంబం వీపుకు చల్లగా తగిలింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎవరు కొట్టారో ఆమె చూడలేదు. "నేను తీయలేదు" అంది. రెండోసారి, మూడోసారి కూడా అంది. అప్పుడు షెడ్ల వెనక నుంచి మమత గొంతు వినిపించింది. ఫోనులో ఎవరికో జిగణి, గ్రానైట్ ఫ్యాక్టరీ, ఒక ముసలామెను చంపుతున్నారు అని ఒక్కో మాటా విడదీసి అరిచి చెబుతోంది.

"పోలీసులకు చేసిందిరా!" అన్నారెవరో.

కొట్టే చెయ్యి ఆగింది. ఒక క్షణం అందరూ దారి వైపు చూశారు. తర్వాత ఆడవాళ్లు షెడ్లలోకి పరిగెత్తి ట్రంకు పెట్టెలు, బిందెలు బయటకు లాగడం మొదలుపెట్టారు, జేసీబీ అప్పుడే వచ్చేసినట్టు. ఆదెమ్మను విప్పాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

జీపు వచ్చింది. అందులోంచి ఒక నడివయసు పోలీసాయన, ఒక కుర్ర కానిస్టేబుల్ దిగారు. ఆదివారం పూట పనొచ్చి పడిందన్న చిరాకు పోలీసాయన మొహంలో ఉంది. కంబం దగ్గరికొచ్చి చూసి, "ఏనమ్మా ఇదు?" అన్నాడు. జవాబు రాకముందే కానిస్టేబుల్‌తో ముడి విప్పించి, నీళ్లు తెమ్మన్నాడు. ఎవరూ తేలేదు. మమత తెచ్చింది.

"సార్, ఈమె దొంగ. మా ఇంటావిడ సరం తీసింది" అన్నాడు బాలరాజు.

పోలీసాయన జేబులోంచి కర్చీఫు తీసి మెడ తుడుచుకున్నాడు. కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు. "తీసింది యారు నోడిదారె? ఎవురు చూసినారు?"

కొందరు పిండి రాలిన ప్లేటు వంక చూశారు.

"ఎవురు చూసినారు అంటే మాట్లాడరేం? సామాను దొరికిందా ఈమె దగ్గర? అదీ లేదా? మరి ఎట్లా కట్టినారు?" అతను గొప్ప మాటేదీ అనడం లేదు. రోజూ అడిగి అడిగి అరిగిపోయిన ప్రశ్నలే విసుక్కుంటూ అడుగుతున్నాడు. ఆదెమ్మ మాత్రం నీళ్ల చెంబు నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎవరు చూశారు? ఆ ఒక్క మాట నరేశ్‌ను కట్టినప్పుడు తను అడిగి ఉంటే చాలు.

పోలీసాయన ఆమె వైపు తిరిగాడు. "నీకు యార మేలాదరూ, ఎవురి మీదైనా అనుమానం ఉండాదా అమ్మా? పేరు చెప్పు. జీపులో ఎక్కించుకుని పోయి విచారిస్తాం."

బాలరాజు మొహంలో రక్తం తగ్గడం ఆమె మొదటిసారి చూసింది. నమలకుండా కుర్చీలో కూర్చున్నవాడు అతనొక్కడే. పెళ్లాం సరాన్ని తనే మాయం చేసి మమత మెడకు చుట్టాలనుకున్నాడేమో. ఎందుకు కాకూడదు? ఒక్క పేరు చెబితే, మొగుడి చావుకీ, వేలిముద్రకీ, ఈ భుజం మీద దెబ్బలకీ అన్నిటికీ కలిపి లెక్క తీరిపోతుంది. చెప్పాలని ఆమెకు ఎంత ఉందంటే పళ్లు బిగపట్టుకోవాల్సి వచ్చింది.

"సరం ఎవురు తీసినారో నేను చూళ్లేదు సార్" అంది.

పోలీసాయన ఆమెను ఒకసారి తేరిపార చూశాడు. కట్టి కొట్టడం నేరమని, రేపు పొద్దున అందరూ స్టేషన్‌కి వచ్చి ఉన్నది చెప్పాలని గట్టిగా అన్నాడు. వెళ్తూ వెళ్తూ షెడ్ల వరస, కాలువ గట్టు చూసి, "ఈ జాగా యారదు? ఎవురిది?" అని అడిగాడు. బాలరాజు అతన్ని పక్కకు తీసుకెళ్లి ఏదో చెప్పాడు. జీపు వెళ్లిపోయింది. జనం ఆదెమ్మనూ మమతనూ అంటురోగం వచ్చినవాళ్లను చూసినట్టు చూసి, బిందెలు లోపలికి సర్దుకున్నారు.

"ఆయన పేరు ఎందుకు చెప్పలే అక్కా?" అంది మమత, ఆమె భుజానికి గుడ్డ తడిపి అద్దుతూ. ఆ పిల్లకు దుఃఖం, కోపం ఒకేసారి వస్తున్నాయి.

"చూళ్లేదు కదమ్మా. చూడకుండా చెప్తే మళ్లీ బియ్యం పెట్టినట్టే కదా" అంది ఆదెమ్మ. మమతను వెళ్లి శివకు ఫోన్ చేసి రమ్మని చెప్పమంది.

సాయంత్రం ఆమె అలవాటు కొద్దీ సంగటి కెలికింది. తినడానికి ఎవరూ రాలేదు. వెలుగు తగ్గుతుండగా బాలరాజు వచ్చి ఆమె గడప మీద కూర్చున్నాడు. వెంట ఎవరూ లేరు. పొద్దుటి భయం అతని మొహంలో పోయింది. కొంచెం చిరునవ్వు కూడా ఉంది.

"మంచిదానివి ఆదెమ్మా. ఉప్పు తిన్న ఇశ్వాసం చూపినావు. పేరు చెప్పకుండా కాపాడినావు."

"నిన్ను కాపాడలేదప్పా. చూడంది చెప్పలేదు, అంతే."

"రేపు స్టేషన్‌కి పోతావా?"

"పోతాను."

"పోయి ఏం చెప్తావు?"

"చూసింది చెప్తాను. సంపులో ఫోను ఎవురి చేతికి పోయిందో చెప్తాను. నిన్న ఇదే పొయ్యి కాడ కూకోని బియ్యం ఏంచమన్నావే, అది చెప్తాను. మా ఆయన తాగలేదని, సారవ కట్టె పుచ్చిపోయినాదని ముందే నీకు చెప్పినాడని, అది కూడా చెప్తాను. అప్పుడు నేను పక్కనే ఉన్నాను."

బాలరాజు చిరునవ్వు అలాగే ఉండి, మెల్లగా ఆరిపోయింది. అతను ఆ గడప మీద కూర్చోవడం చూసి అవతల షెడ్లలో ఒక్కొక్క తలుపే మూసుకుంటోంది. ఆదెమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి, తలుపు వేసుకోవడానికి లేచింది. బాలరాజు గడప మీద నుంచి లేవలేదు.